ఒక్క ఓటు వెనుక: బార్బరా లీ శాసన జీవితం

శాసనసభ్యుల జీవితాల గురించి మన భాషలో రచనలు తక్కువేమీ రాలేదు. షష్టిపూర్తి సంచికలున్నాయి, స్మారక సంచికలున్నాయి, స్వీయచరిత్రలున్నాయి. వీటిలో ఆ మనిషి నిరాడంబరత కనిపిస్తుంది, సైకిలు కనిపిస్తుంది, జైలు జీవితం కనిపిస్తుంది, సభలో విసిరిన చమత్కారాలు కనిపిస్తాయి. ఏ బిల్లుకు అనుకూలంగా ఓటు వేశాడు, దేనికి వ్యతిరేకంగా వేశాడు, దేనికి సభలో ఉండీ లేనట్టు ఊరుకున్నాడు అన్న సంగతి మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. కవిని అంచనా వేయడానికి అతని కవిత్వం చదవాలని మనం పట్టుబడతాం. శాసనకర్తను అంచనా వేయడానికి మాత్రం అతని గుణగణాల వర్ణనతో సరిపెట్టుకుంటున్నాం.

అందుకని ఈ వ్యాసంలో ఒక శాసనకర్తను ఓట్ల ద్వారా చదవడానికి ప్రయత్నిస్తాను. ఆమె బార్బరా లీ. 1998 ఏప్రిల్ నుంచి 2025 జనవరి వరకు అమెరికా ప్రతినిధుల సభలో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించిన నల్లజాతి మహిళ. మన పాఠకుల్లో కొందరికి ఆమె ఒకే ఒక్క ఓటు ద్వారా తెలుసు. ఆ ఓటును వీరగాథగా చెప్పుకోవడం అలవాటైంది. ఆ చెప్పడంలోనే ఏదో పొరపాటు ఉందని నా అభిప్రాయం.

ముందు ఆ ఓటు సంగతి. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్, వాషింగ్టన్‌ల మీద దాడులు జరిగాయి. మూడు రోజులైనా గడవకముందే, 14వ తేదీన, అధ్యక్షునికి సైనిక బలప్రయోగాధికారం ఇచ్చే తీర్మానం కాంగ్రెస్ ముందుకు వచ్చింది. సెనేట్‌లో 98 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. ప్రతినిధుల సభలో 420 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరు. (420 అంకెకు మన వాడుకలో ఉన్న అర్థం అమెరికా వాళ్లకు తెలియదు లెండి.) ఆనాడు మధ్యాహ్నం నేషనల్ కథీడ్రల్‌లో మృతులకు సంతాప ప్రార్థన జరిగింది. మనం దేన్ని చెడుగా ఎంచి దుఃఖిస్తున్నామో, చర్యకు దిగినప్పుడు మనమే ఆ చెడుగా మారకుండుగాక అని మతాచార్యుడు ప్రార్థించాడు. అప్పటిదాకా ఊగిసలాడుతున్న బార్బరా లీ సభలో చేసిన అతి చిన్న ప్రసంగంలో ఆ మాటలనే గుర్తు చేసింది. కాస్త వెనక్కి తగ్గి, ఇవాళ చేస్తున్న పని ఎక్కడికి దారితీస్తుందో ఆలోచిద్దామని కోరింది.

ఆమె దేనిని కాదన్నదో తెలుసుకోకుండా ఎంత ధైర్యంగా కాదన్నదో పొగిడితే ప్రయోజనం లేదు. ఆ తీర్మానంలో అసలు అధికారమిచ్చే వాక్యం ఇంగ్లీషులో 60 మాటలు. సాహిత్య విద్యార్థులతో మాట్లాడే సందర్భంలో ఒకసారి ఆ వాక్యాన్ని తెలుగు చేయమన్నాను. వాళ్ల ప్రయత్నాలన్నీ కలిపి చూస్తే దాదాపు ఇలా తేలింది: 2001 సెప్టెంబర్ 11 దాడులకు పథకం వేశారనో, అనుమతించారనో, వాటిని జరిపారనో, వాటికి సాయపడ్డారనో, అటువంటివారికి ఆశ్రయమిచ్చారనో అధ్యక్షుడు తాను నిర్ణయించిన దేశాల మీద, సంస్థల మీద, వ్యక్తుల మీద, వారి వల్ల మునుముందు ఇటువంటి చర్యలు అమెరికాపై జరగకుండా నివారించడానికి, అవసరమైన, తగిన బలమంతటినీ ప్రయోగించే అధికారం ఆయనకు ఇవ్వడమైనది.

ఇంగ్లీషు వాక్యంలో ‘ఆయన నిర్ణయించిన’ అన్న భావం రెండు మాటల్లో, క్రియల గుంపు మధ్యన, కంటికి ఆనకుండా దాగి ఉంది. తెలుగులోకి రాగానే అది దాగలేకపోయింది. నేరస్థుడెవరో ఎవరు తేల్చాలి అన్న ప్రశ్న వాక్యం నడుము పట్టుకు నిలబడింది. ఒక విద్యార్థిని అడిగింది: ఇందులో శత్రువు పేరేదీ? యుద్ధం జరిగే చోటేదీ? ఎప్పటితో ముగుస్తుంది? మూడింటికీ ఆ వాక్యంలో జవాబు లేదు. మన పల్లెల్లో వడ్డీవ్యాపారి ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకోవడం ఎరిగినవారికి ఈ రచనా విధానం కొత్తది కాదు. అంకె తర్వాత పడుతుంది.

పడింది కూడా. 2016 నాటి కాంగ్రెస్ పరిశోధన విభాగం లెక్క ప్రకారం ఆ వాక్యాన్ని ఆధారంగా చూపి 14 దేశాలలో 37 సందర్భాలలో సైనిక చర్యలు జరిపారు. అఫ్గానిస్తాన్ ఒక్కటే కాదు. యెమెన్, సోమాలియా, ఫిలిప్పీన్స్, లిబియా, సిరియా ఆ జాబితాలో ఉన్నాయి. 2001లో ఆ పేరుతో లేనే లేని ఐసిస్ మీద యుద్ధానికీ ఆ వాక్యమే చాలింది. ‘అనుబంధ శక్తులు’ అన్న మాట తీర్మానంలో ఎక్కడా లేదు. ప్రభుత్వ న్యాయవాదులు వ్యాఖ్యానంలో చేర్చారు. మూలంలో లేనిది వ్యాఖ్యానంలో పుట్టి మూలాన్నే ఏలడం సాహిత్యంలోనూ చూశాం. సాహిత్యంలో దాని మీద బాంబర్లు ఎగరవు, అంతే తేడా.

దీనికి ముందు చరిత్ర ఉంది. 1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖ తీర్మానం ద్వారా ఇదే పని వియత్నాం విషయంలో జరిగింది. ఆనాడు ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలం, వ్యతిరేకం సున్న. సెనేట్‌లో ఇద్దరే కాదన్నారు: ఆరెగన్‌కు చెందిన వేన్ మోర్స్, అలాస్కాకు చెందిన ఎర్నెస్ట్ గ్రూనింగ్. 1968లో మోర్స్ ఎన్నికలో ఓడిపోయాడు. గ్రూనింగ్‌కు సొంత పార్టీలోనే అభ్యర్థిత్వం దక్కలేదు. అంతకుముందు 1941 డిసెంబర్‌లో జపాన్‌పై యుద్ధ ప్రకటనను ఒంటరిగా వ్యతిరేకించిన జానెట్ రాంకిన్ మరుసటి ఎన్నికలో పోటీయే చేయలేదు. బార్బరా లీకి కూడా చంపుతామని బెదిరింపులు వచ్చాయి, పోలీసు కాపలా పెట్టవలసి వచ్చింది. అయితే 2002 నవంబర్‌లో ఆమె నియోజకవర్గం ఆమెను 80 శాతానికి పైగా ఓట్లతో తిరిగి పంపింది.

మోర్స్‌కు, గ్రూనింగ్‌కు దక్కనిది ఈమెకు ఎందుకు దక్కింది? ధైర్యం ఎక్కువ కావడం వల్లనా? వీరగాథ పద్ధతి దీనికి జవాబు చెప్పలేదు. జవాబు ఓక్లండ్‌లో ఉంది. అది రేవు పట్టణం, కార్మికుల ఊరు. 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది అక్కడ. పక్కనే బర్క్లీ విశ్వవిద్యాలయం. 1970లో ఆ ప్రాంతం వియత్నాం యుద్ధ వ్యతిరేకి రాన్ డెల్లమ్స్‌ను గెలిపించి కాంగ్రెస్‌కు పంపింది. దక్షిణాఫ్రికా జాత్యహంకార ప్రభుత్వంపై ఆంక్షల చట్టం కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టినవాడు డెల్లమ్స్. 1986లో రీగన్ తిరస్కారాన్ని కాదని కాంగ్రెస్ ఆ చట్టం చేసింది. బార్బరా లీ 1975 నుంచి అతని కార్యాలయంలో పనిచేసింది.

ఆమె 1946లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో పుట్టింది. సైనికాధికారి ఇంట పెరిగింది. ఇద్దరు పిల్లల ఒంటరి తల్లిగా, ప్రభుత్వ సాయం మీద బతుకుతూ మిల్స్ కళాశాలలో చదివింది. అక్కడ నల్లజాతి విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలిగా షర్లీ చిజమ్‌ను ఉపన్యాసానికి పిలిచింది. కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ చిజమ్. నీకు ఓటు ఉందా అని ఆమె అడిగితే లేదన్నది లీ. ముందు పేరు నమోదు చేయించుకో అన్నది చిజమ్. 1972లో చిజమ్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు లీ ఆమె ప్రచారంలో పనిచేసింది. తర్వాత 1973లో పాంథర్ నాయకుడు బాబీ సీల్ ఓక్లండ్ మేయర్ పదవికి చేసిన పోటీలోనూ పనిచేసింది. 2001 సెప్టెంబర్‌లో ఆ సభలో లేచి నిలిచింది ఒక మనిషే. ఆ మనిషిని నిలబెట్టడానికి ముప్పయ్యేళ్ల ఉద్యమ చరిత్ర పనిచేసింది.

మిగిలిన ఓట్లతో కలిపి చదివితే ఇది మరింత స్పష్టపడుతుంది. 1999 మార్చి 24న కొసావో విషయంలో సైన్యానికి మద్దతు తెలిపే తీర్మానం మీద 424 మంది అనుకూలం, వ్యతిరేకం ఒకే ఒక్కరు. ఆ ఒక్కరూ ఈమే. అప్పుడు అధ్యక్షుడు ఆమె పార్టీవాడే, క్లింటన్. అంటే 2001 ఓటును రిపబ్లికన్ అధ్యక్షుని మీద వ్యతిరేకతగా కొట్టిపారేయడానికి వీల్లేదు. 2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధ తీర్మానానికి బదులుగా ఐక్యరాజ్యసమితి ద్వారా తనిఖీలు, దౌత్యం కోరుతూ ఆమె ప్రతిపాదన తెచ్చింది. దానికి 72 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకం 355. యుద్ధ తీర్మానం 296–133తో నెగ్గింది. ఒకటి నుంచి 72కు, 72 నుంచి 133కు చేరడానికి పదమూడు నెలలే పట్టింది.

ఆ 60 మాటల రద్దు కోసం ఆమె ఏళ్ల తరబడి సవరణలు తెస్తూనే ఉంది. 2017 జూన్‌లో వ్యయ కేటాయింపుల కమిటీ ఆమె సవరణను ఆమోదించింది. ఆశ్చర్యమేమంటే మూజువాణి ఓటుతో! కొద్ది వారాలకే సభ నాయకత్వం చర్చ లేకుండా దాన్ని బిల్లులోంచి తీసివేసింది. మూజువాణితో వచ్చినది మూజువాణిగానే పోయింది. పేరు పేరునా ఓటు నమోదై ఉంటే తీసేయడం ఇంత సులువయ్యేది కాదనుకుంటాను. ఇరాక్ తీర్మానం రద్దుకు ఆమె తెచ్చిన బిల్లు మాత్రం 2021 జూన్ 17న 268–161తో ప్రతినిధుల సభలో నెగ్గింది.

ఇక్కడ మన సంగతి చెప్పుకోక తప్పదు. బార్బరా లీ గురించి ఇంత నిర్దిష్టంగా రాయగలుగుతున్నానంటే ఓట్లు పేర్లతో నమోదు కావడం వల్లనే. అమెరికాలో కూడా ఇది దయతో వచ్చింది కాదు. ప్రతినిధుల సభలో సవరణల మీద సభ్యుల ఓట్లు పేర్లతో నమోదు కావడం 1970 నాటి సంస్కరణ చట్టం తర్వాతనే మొదలైంది. వియత్నాం యుద్ధకాలంలో ఎవరు ఎటున్నారో జనానికి తెలియాలన్న ఒత్తిడి దాని వెనుక ఉంది. మన దగ్గర సాధారణ పద్ధతి మూజువాణి. దానికి తోడు 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదవ షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేస్తే సభ్యత్వమే పోవచ్చు. ఫిరాయింపుల జబ్బుకు మందన్నారు. ఫిరాయింపులు ఆగాయో లేదో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆత్మసాక్షి ప్రకారం వేసే ఒంటరి ఓటు మాత్రం అసాధ్యమంత కష్టమైంది. బార్బరా లీ మన లోక్‌సభలో ఉండి, విప్ ఉన్న బిల్లు మీద పార్టీకి ఎదురు ఓటు వేసి ఉంటే అనర్హత పిటిషన్‌కు జవాబు చెప్పుకుంటూ ఉండేది.

ఇటీవలి దశాబ్దాలలో తెలుగువాళ్ల జీవితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చిన శాసనం రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ బిల్లును మూజువాణితో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ అదే బిల్లును, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సమయంలో, మూజువాణితో ఆమోదించింది. 20న రాజ్యసభలోనూ మూజువాణే. విభజనను కోరినవారికైనా, వద్దన్నవారికైనా, తమ ప్రతినిధి బిల్లు మీద ఏ వైపు ఓటేశాడో చూపే పేర్ల జాబితా లేదు. ఆనాటి సభ్యుల జీవితచరిత్రలు రేపు ఎవరైనా రాస్తే ఉపన్యాసాల మీద, పత్రికా ప్రకటనల మీద ఆధారపడవలసిందే.

తిరిగి బార్బరా లీ దగ్గరకు వద్దాం. కాదన్న ఓట్లే ఆమె శాసన జీవితం కాదు. ఆఫ్రికాలో ఎయిడ్స్ మారణహోమంపై అమెరికా డబ్బు ఖర్చు పెట్టించే 2000, 2003 చట్టాల రచనలో ఆమె పాత్ర పెద్దది. 2003 చట్టం మీద సంతకం పెట్టింది, ఆమె రెండేళ్ల క్రితం కాదన్న బుష్ గారే. ఆ బిల్లును ప్రవేశపెట్టినవాడు హెన్రీ హైడ్. పేద స్త్రీల గర్భస్రావాలకు ఫెడరల్ నిధులు నిషేధించే 1976 నాటి సవరణ ఆయన పేరు మీదే ఉంది. ఆ సవరణ రద్దుకు జీవితమంతా పోరాడినవారిలో లీ ఒకరు. 2021 సెప్టెంబర్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు, తన పదహారో ఏట మెక్సికో వెళ్లి రహస్యంగా గర్భస్రావం చేయించుకోవలసి వచ్చిన సంగతి తానే చెప్పింది. అటువంటి ఆమె హైడ్‌తో కలిసి ఎయిడ్స్ చట్టానికి పనిచేయడాన్ని రాజీ అనవచ్చు. ఆ మందులతో బతికినవారు ఆ మాట అంటారా అని నా సందేహం.

పరిమితులు లేవని కాదు. 2021 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ క్షిపణి రక్షణ వ్యవస్థకు వంద కోట్ల డాలర్లు ఇచ్చే బిల్లు 420–9తో నెగ్గింది. మళ్లీ అదే 420! ఆ తొమ్మిది మందిలో లీ పేరు లేదు. అప్పటికి ఆమె విదేశీ సాయానికి నిధులు కేటాయించే ఉపసంఘానికి అధ్యక్షురాలు. ఆ నిధులలో మందులూ ఉంటాయి, మిత్ర ప్రభుత్వాలకు ఆయుధాలూ ఉంటాయి. సామ్రాజ్యం పద్దు పుస్తకం పట్టుకున్నవాళ్లు అందులో తమకు నచ్చిన పుటలే రాసే అవకాశం ఉండదు. 2023లో గాజాపై బాంబుదాడులు మొదలైనప్పుడు కాల్పుల విరమణ కోరినవారిలో ఆమె ముందుంది. ఈ రెండూ ఒకే మనిషి రికార్డులోవి. ఒకదాన్ని చూపి రెండోదాన్ని దాచడం విమర్శ కాదు.

2024 మార్చిలో సెనేట్ స్థానానికి జరిగిన ప్రాథమిక ఎన్నికలో ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. ముందుకు వెళ్లి నవంబర్‌లో గెలిచినవాడు ఆడమ్ షిఫ్, ప్రచార నిధులలో ఆమెకు అందనంత దూరంలో ఉన్నవాడు. 2002లో ఇరాక్ యుద్ధ తీర్మానానికి అనుకూలంగా ఓటేసిన 296 మందిలో ఒకడు. ఓక్లండ్ దాటి కాలిఫోర్నియా అంతటా చూస్తే ఆ ఓట్లకు ఉన్న విలువ అంత. 2025 జనవరిలో ఆమె సభ నుంచి బయటికి వచ్చేనాటికి 2001 నాటి ఆ 60 మాటలు రద్దు కాలేదు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఓక్లండ్ ప్రజలు ఆమెను మేయర్‌గా ఎన్నుకున్నారు. 1973లో బాబీ సీల్ కోసం ఆమె ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగినా దక్కని పదవి అది.