మన ఊరు యాడుంది మిస్?

కిందటేడు చలికాలంలో మా బడి పిల్లల్ని తిరుపతి తీసుకెళ్లాం. హోసూరు నుంచి కృష్ణగిరి, చిత్తూరు మీదుగా ప్రయాణం. నలభై మంది పిల్లలు, నలుగురు టీచర్లం. దర్శనం అయ్యాక కొండ దిగి, పిల్లలు గాజులూ బొమ్మలూ కొనుక్కుంటామంటే ఒక అంగడి ముందు ఆగాం. ఏడో తరగతి అమ్మాయి ఒకతె గాజుల ధర అడిగింది. అంగడాయన ఆమె మాట విని నవ్వి, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. "హోసూరు" అంది. "ఓహో, తమిళనాడా! తెలుగు బాగానే నేర్చుకున్నావే" అన్నాడు.

ఆయన మెచ్చుకున్నాడనే అనుకోవాలి. కానీ ఆ పిల్ల గాజులు కొనకుండానే వచ్చి బస్సులో కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో కృష్ణగిరి దగ్గర టీ కోసం ఆగాం. పిల్లలు గోలగోలగా తెలుగులో మాట్లాడుకుంటుంటే టీ కొట్టాయన తమిళంలో, "ఆంధ్రా నుంచి వస్తున్నారా?" అని అడిగాడు. ఆయనా మంచిగానే అడిగాడు. బస్సు కదిలాక ఆ అమ్మాయి నా పక్కకొచ్చి కూర్చుంది. "మిస్, ఆడ మనల్ని తమిళోళ్లు అనిరి. ఈడ ఆంధ్రావాళ్లు అంటా ఉండారు. మన ఊరు యాడుంది మిస్?"

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "ఇంకో గంటలో వచ్చేస్తుంది, పడుకో" అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకూ తెలుసు.

గడప కదల్లేదు, గీత కదిలింది

ఇంటికొచ్చాక ఈ మాట మా ఆయన వాళ్ల అవ్వతో చెప్పాను. ఆమెకు తొంభై దాటాయి. బేరికె దగ్గర పల్లెలో పుట్టి, పక్క పల్లెకే కోడలుగా వచ్చింది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు మా ఊరు మద్రాసు రాష్ట్రం, సేలం జిల్లాలో ఉంది. 1965లో ధర్మపురి జిల్లా అయింది. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడుగా మారింది. 2004లో కృష్ణగిరి జిల్లా వచ్చింది. ఇల్లు మాత్రం అదే. "నేను యాడికీ పోలేదమ్మా. జిల్లాలే వచ్చి పోయినాయి" అంది అవ్వ, వక్క కొరుకుతూ.

ఈ పేజీ చదివే చాలామంది ఇళ్లలో ఇలాంటి కథే ఉంటుంది. బరంపురం, పర్లాకిమిడి 1936 దాకా మద్రాసు రాజధానిలోవే. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒరిస్సా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. యానాం 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగంగా ఉంది. చుట్టూరా ఉన్నది మాత్రం గోదావరి సీమే. షోలాపూర్ మగ్గాల వాడల్లోని తెలుగువారి సంగతి వేరు. వాళ్ల పెద్దలు బతుకుతెరువు కోసం నిజంగానే ఊరు విడిచి వెళ్లారు. కానీ అక్కడే పుట్టిన మనవలకు, ముని మనవలకు షోలాపూర్ కాక వేరే సొంతూరు ఏముంటుంది?

మా దగ్గర పల్లెల పేర్లు చూడండి: కెలవరపల్లి, ఉద్దనపల్లి, వేపనపల్లి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. కొండమీది చంద్రచూడేశ్వరస్వామి తేరు లాగేటప్పుడు మూడు భాషల కేకలూ కలిసే వినిపిస్తాయి. ఇందులో పరాయితనం ఏమీ లేదు. ఎవరైనా "ఎక్కడి నుంచి వచ్చారు?" అన్నప్పుడే అది పుడుతుంది.

ఎర్ర సిరా చేసిన తప్పు

ఆ రాత్రి నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. అంగడాయన ఒక్కసారి అన్నమాటను నేను ఏళ్ల తరబడి పిల్లలతో అంటూనే ఉన్నాను. కాకపోతే ఎర్ర సిరాతో అన్నాను.

ఒకసారి వాన మీద వ్యాసం రాయమంటే, ఒక పిల్లవాడు "చెరువు మొరవ పారింది, మా కయ్య మునిగిపోయింది" అని రాశాడు. "మొరవ" కొట్టేసి "అలుగు" అని రాశాను. "కయ్య" కొట్టేసి "పొలం" అని రాశాను. పరీక్షలో మార్కులు పోకూడదని నా తాపత్రయం. కానీ ఆ పిల్లవాడికి అర్థమైంది ఏమిటి? వాళ్ల నాయన మాట్లాడేది తప్పు తెలుగనీ, అసలు తెలుగు ఇంకెక్కడో ఉందనీ. బడిలోనే ఇలా నేర్పి పంపాక, తిరుపతిలో ఎవరో నవ్వితే ఆ బిడ్డ తలెత్తుకుని ఎలా నిలబడతాడు?

మనం ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. జనం నోట్లో ఉన్న భాష పుస్తకంలోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఆయన బడిపంతులుగా పనిచేసింది పర్లాకిమిడిలో. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు మనసు కష్టపడి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అయితే ఊరంతా అలా లేచి వెళ్లలేదు కదా! ఉండిపోయినవాళ్ల పిల్లలూ మనవలూ ఈనాటికీ అక్కడ తెలుగు మాట్లాడుతున్నారు. మన బడులు ఉన్నది అలా ఉండిపోయినవాళ్ల కోసమే. పటానికి దండ వేసి, మరునాడే "మొరవ" కొట్టేసిన టీచర్లలో నేనూ ఒకదాన్ని.

మా ఊరి పుస్తకం

సంక్రాంతి సెలవులయ్యాక పిల్లలకు ఒక పని ఇచ్చాను. నూరు పేజీల నోటుపుస్తకం. పేరు "మా ఊరి పుస్తకం". ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయాలి. మన కయ్యలకు, బావులకు, గుట్టలకు ఏమేం పేర్లు ఉన్నాయి? అవ్వ వండే వంటల్లో ఇప్పుడు ఎవరూ వండనివి ఏవి? తాత ఏ సంతకు నడిచి పోయేవాడు, దారిలో ఏ ఊళ్లు వచ్చేవి? వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే రాయాలి. తప్పు దిద్దను, మార్కులు వేయను అని ముందే చెప్పాను. పుస్తకం మాట తెలిస్తే పక్కనే రాసుకోవచ్చు. అలుగు పక్కన మొరవ, పొలం పక్కన కయ్య. రెండూ తెలియడం నష్టమేమీ కాదు.

నెల రోజుల్లో వచ్చిన పుస్తకాలు చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఒక్క ఊరి చుట్టూనే ముప్పై పైగా కయ్యల పేర్లు తేలాయి. వాటిలో సగం ఇప్పుడు ఇళ్ల లేఔట్లు, రోజాపూల షెడ్లు. బోర్డు మీద ఇంకేదో "నగర్" అని ఉంటుంది. పాత పేరు ఆ పిల్లల నోటుపుస్తకాల్లో తప్ప ఎక్కడా లేదు.

తిరుపతి బస్సులో నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి నలభై పేజీలు నింపింది. ఏప్రిల్‌లో వాళ్ల నాయన టీసీ కోసం వచ్చాడు. ఇంగ్లీషు మీడియంలో వేస్తామన్నాడు. "తెలుగు చదివితే ఏమొస్తుంది మిస్?" అని అడిగాడు. ఆయన్ను తప్పుపట్టలేను. 2006 నాటి చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. ఇక్కడ బతకడానికి తమిళం కావాలి, పిల్లలు నేర్చుకోవాలి కూడా. ఇంగ్లీషు సరేసరి. తెలుగుతో ఉద్యోగం వస్తుందని నేను అబద్ధం చెప్పలేను.

టీసీ రాస్తూ ఆ నోటుపుస్తకం ఆయన చేతికిచ్చాను. నిలబడే పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి, "ఇది తప్పు మిస్. పెద్దబావి మడి కాదు, పాడుబావి మడి. మా తాత అట్లే పిలుస్తా ఉండె" అన్నాడు. నా పెన్ను అడిగి తీసుకుని, తనే దిద్దాడు. ఆయన తెలుగు రాసి ఎన్నేళ్లయిందో, అక్షరాలు వంకరపోయాయి.

టీసీ తీసుకునే వెళ్లాడు. వెళ్తూ ఆ పుస్తకం కూడా అడిగి తీసుకెళ్లాడు.

ఒక బిడ్డ బడి మారింది. ఆ లెక్క నా రిజిస్టరులో తగ్గుదలే. మన బడులన్నిటికీ ఉన్న కష్టం ఇది. దీన్ని నోటుపుస్తకాలతో ఆపగలమని నేను అనను. కానీ బడి మారినా, భాషను ఇంట్లోంచి పంపేయనక్కర్లేదని ఆ ఇంటికి తెలిసింది. తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. బిడ్డ ఏ మీడియంలో చదివినా, నెలకు ఒక్కరోజు మీ చేను దగ్గరికో, మీ పాత వీధికో తీసుకెళ్లి పేర్లు చెప్పండి. టీచర్లకు కూడా ఒక మాట. ఇంటి మాటను ఎర్ర సిరాతో కొట్టేసే ముందు, అది ఎవరి నోటి నుంచి వచ్చిందో ఒకసారి అడగండి.

ఈ ఏడు మళ్లీ తిరుపతి వెళ్తున్నాం. బస్సెక్కే ముందు పిల్లలకు ఒక సంగతి చెప్పబోతున్నాను. ఎవరైనా తెలుగు బాగా నేర్చుకున్నారే అంటే కోపం తెచ్చుకోవద్దు. నవ్వుతూనే చెప్పండి: "నేర్చుకోలేదు అన్నా, మాది హోసూరు. మా అవ్వ మాట ఇదే."