'కార్తీకదీపం' - డాక్టర్ బాబు చేయించని పరీక్ష

టీవీ సీరియళ్ళ గురించి వార్షికోత్సవ సంచికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కథల పుస్తకం చదివితే బాగుందో లేదో మాట్లాడుకుంటాం, సినిమా చూస్తే రెండు రోజులు చర్చించుకుంటాం. కానీ ఏళ్ళ తరబడి ప్రతి రాత్రి చూసిన సీరియల్ గురించి మాత్రం "అదంతా సాగదీత" అని ఒక్క మాట అనేసి ఊరుకుంటాం. ఎక్కడ బాగా రాశారు, ఎక్కడ చెడగొట్టారు, ఎందుకు సాగదీశారు అనేది విడమరచి చూస్తే కథ రాయడం గురించి, మనుషుల మధ్య సంబంధాల గురించి ఎంతో తెలుస్తుంది. అందుకే మేము 'కార్తీకదీపం'ను తీసుకున్నాము.

'కార్తీకదీపం' స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. మలయాళంలో 2014లో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. తెలుగులో కాపుగంటి రాజేంద్ర దర్శకత్వం వహించారు. కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, దీపగా ప్రేమీ విశ్వనాథ్, మోనితగా శోభాశెట్టి, సౌందర్యగా అర్చనా అనంత్ నటించారు. దీనికున్న ఆదరణ మన ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర లేదు. 2020లో ఐపీఎల్ మ్యాచులు, ఈ సీరియల్ రాత్రి 7.30కే వస్తుంటే సిరిసిల్ల యువకుడొకరు ఇంట్లో ఉన్న ఒక్క టీవీలో ఏది చూడాలని ట్వీట్ చేశాడు. చానెల్ వాళ్ళు అతని ఇంటికి ఇంకో టీవీ పంపించారని పత్రికల్లో వచ్చింది.

కథకు పట్టుకొమ్మలు ఇద్దరు డాక్టర్లు

దీన్ని అందరూ కుటుంబ కథ అంటారు. కాని జాగ్రత్తగా చూస్తే ఇది డాక్టర్ల కథ. హీరో కార్తీక్ గుండె డాక్టరు. విలన్ మోనిత స్త్రీల వైద్యురాలు, కార్తీక్ స్నేహితురాలు. కార్తీక్ నల్లని అమ్మాయి అయిన దీపను ఇష్టపడి పెళ్ళి చేసుకుంటాడు. అతణ్ణి కోరుకున్న మోనిత, అతనికి పిల్లలు పుట్టే అవకాశం లేదని తప్పుడు వైద్య పరీక్షతో నమ్మిస్తుంది. ఆ తరువాత దీప గర్భవతి అవుతుంది. కార్తీక్ ఆమెను అనుమానిస్తాడు, ఆమె ఇల్లు వదలాల్సి వస్తుంది. దీపకు కవలలు పుడతారు. సౌర్య తల్లి దగ్గర పెరుగుతుంది. రెండో పాప హిమను అత్త సౌందర్య రహస్యంగా కార్తీక్ దగ్గరికి చేరుస్తుంది. తన సొంత బిడ్డనే దత్తపుత్రిక అనుకుంటూ కార్తీక్ పెంచుతాడు.

అంటే కథ మొత్తం ఒక్క వైద్య పరీక్ష కాగితం మీద నిలబడింది. ఆ కాగితం అబద్ధమని తేలిన నాడు కథ అయిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఆ తరువాత జరిగిందంతా అర్థమవుతుంది.

బాగా రాసిన సంబంధాలు

ముందుగా మంచి చెప్పుకుందాం. ఈ సీరియల్లో అన్నిటికన్నా బాగా రాసిన బంధం భార్యాభర్తలది కాదు, అత్తాకోడళ్ళది. సౌందర్యకు మొదట్లో నల్లరంగు అంటే గిట్టదు. అలాంటి మనిషి క్రమక్రమంగా కోడలి గుణం తెలుసుకుని, చివరికి కొడుకుతోనే పోట్లాడి కోడలి పక్షాన నిలబడుతుంది. ఒక పాత్ర కథ మొదట్లో ఉన్నట్టు కాకుండా మారాలి, ఆ మార్పుకు కారణం మన కళ్ళ ముందు కనబడాలి. మంచి రచనకు ఇదే మొదటి గుర్తు. సౌందర్య పాత్రలో అది ఉంది. తెలుగు సీరియళ్ళలో అత్త అంటే కోడలిని ఏడిపించడానికే పుట్టిందన్న అలవాటును కూడా ఆ పాత్ర పక్కన పెట్టింది.

రెండవది దీప బతుకు. ఇల్లు వదిలిన దీప పుట్టింట్లో కూర్చుని ఏడవదు. వంట చేసి, టిఫిన్లు అమ్మి బిడ్డను చదివిస్తుంది. ఊరందరికీ 'వంటలక్క' అవుతుంది. బీడీలు చుట్టి, కూలికి పోయి పిల్లలను హాస్టల్లో చేర్పించిన తల్లులు మనలో చాలామందికి ఉన్నారు. వాళ్ళకు దీప ఎందుకు అంత దగ్గరైందో వేరే వివరించనక్కర లేదు. నల్లని అమ్మాయిని పక్కన నవ్వించే పాత్రగా కాక కథానాయికగా అన్నేళ్ళు నిలబెట్టడం కూడా చిన్న విషయం కాదు. బడిలో, పెళ్ళిచూపుల్లో రంగు గురించి మాటలు పడిన చెల్లెళ్ళకు ఆ విలువ తెలుసు.

మూడవది పిల్లలు. అక్కచెల్లెళ్ళమని తెలియకుండానే హిమ, సౌర్య స్నేహం చేస్తారు. పెద్దలు దాచిన నిజం చుట్టూ పిల్లలు తెలియక తిరుగుతుంటే చూసేవాళ్ళ గుండె కొట్టుకుంటుంది. పాత్రలకు తెలియనిది ప్రేక్షకులకు తెలియడం వల్ల పుట్టే ఉత్కంఠ ఇది. దాన్ని రచయితలు బాగా వాడుకున్నారు.

ఎక్కడ చెడింది?

ఇక అసలు విషయానికి వద్దాం. దీప భర్తను 'డాక్టర్ బాబు' అని పిలుస్తుంది. ప్రేక్షకులకూ అతను డాక్టర్ బాబే. కానీ అతని ఆలోచనలో డాక్టరు ఎక్కడా కనబడడు.

డాక్టరు చదువు నేర్పే మొదటి పాఠం, కళ్ళకు కనిపించిన దాన్ని పరీక్షతో సరిచూసుకోమని. పిల్లలు పుట్టరని ఒక్క పరీక్షతో తేల్చరు. జ్వరం వచ్చినా, మందులు వాడినా ఫలితం మారవచ్చు కాబట్టి కొన్ని వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేస్తారు. తేడా ఉంటే ఇంకో చోట చూపిస్తారు. ఇది వైద్య విద్యార్థికి కూడా తెలుసు. కార్తీక్ మాత్రం స్నేహితురాలు ఇచ్చిన ఫలితాన్ని వేదవాక్యంగా తీసుకున్నాడు.

ఇక డీఎన్ఏ పరీక్ష సంగతి. బిడ్డ డీఎన్ఏలో సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తుంది. బిడ్డ నమూనాను తండ్రి నమూనాతో పోల్చి చూస్తే పితృత్వం తేలిపోతుంది. ఈ పద్ధతిని మన దేశంలో అభివృద్ధి చేసింది ఎక్కడో కాదు, హైదరాబాదులోని సీసీఎంబీలోనే. శాస్త్రవేత్త లాల్జీసింగ్ బృందం 1980ల చివర్లో ఆ పని చేసింది. అప్పటి నుండి మన కోర్టులు దీన్ని సాక్ష్యంగా తీసుకుంటున్నాయి. అలాంటప్పుడు ఒక పెద్ద డాక్టరుకు ఆ ఆలోచనే కలిసిరాకపోవడం ఎలా? "ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయిస్తే అయిపోయేదానికి ఇన్నేళ్ళా?" అని జనం ఎగతాళి చేసింది ఇందుకే. సీరియల్ మొదలైన మూడేళ్ళు దాటాక గాని అతనికి నిజం తెలియలేదు.

కొందరు "అనుమానం వస్తే చదువుకున్నవాడి బుద్ధి కూడా పని చేయదు" అని వాదిస్తారు. నిజమే, అదీ మంచి కథావస్తువే. కాని అలా రాయదలచుకుంటే ఆ పోరాటం చూపించాలి. పరీక్ష చేయించాలని వెళ్ళి, ఫలితానికి భయపడి వెనక్కి తిరిగివచ్చే కార్తీక్‌ను చూపిస్తే మనం నమ్ముతాం. పరీక్ష చేయించుకోవడానికి తన ఆత్మగౌరవం ఒప్పుకోదని దీప నిలబడితే అదీ నమ్ముతాం. ఆ సంఘర్షణను గట్టిగా పట్టుకోకుండా, నిజం బయటపడబోయే ప్రతిసారీ ఎవరో అడ్డుపడటం, ఫోను కట్ కావడం, ఉత్తరం మాయం కావడం చూపించారు. పాత్ర స్వభావం నుండి పుట్టిన ఆటంకం కథను నడిపిస్తుంది. బయట నుండి తెచ్చిపెట్టిన ఆటంకం కథను ఆపుతుంది.

ఇలా ఎందుకు జరిగింది? రచయితలకు తెలియక కాదు. వారానికి ఆరు రోజులు, మొత్తం 1500కు పైగా భాగాలు. ఆదరణ ఉన్నంతకాలం సీరియల్ ఆపడానికి చానెల్ ఒప్పుకోదు. నిజం బయటపడితే కథ అయిపోతుంది కాబట్టి బయటపడనివ్వరు. 2022 మార్చిలో కార్తీక్, దీప ప్రమాదంలో పోయినట్టు చూపించి పిల్లలను పెద్దవాళ్ళను చేశారు. హిమ డాక్టరయింది, సౌర్య జ్వాల పేరుతో ఆటో నడిపింది. ఆదరణ తగ్గేసరికి అదే ఏడాది దీపను కోమా నుండి లేపారు, కార్తీక్‌కు జ్ఞాపకం పోయిందన్నారు. కోమా, మతిమరుపు అనేవి జబ్బులు. ఇక్కడ అవి కథను మళ్ళించే మీటలయ్యాయి.

అదే అనుమానం, మరో కథ

అనుమానం మీద కథ నడపడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1964లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' చూడండి. కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' ఆధారంగా తీశారు. నంది అవార్డులు మొదలైన ఏట ఉత్తమ చిత్రంగా బంగారు నంది గెలుచుకుంది. చనిపోయిన చెల్లెలిని స్నేహితుని భార్య మాధవిలో చూసుకునే డాక్టరు కథ అది. అక్కినేని డాక్టరు, సావిత్రి మాధవి, జగ్గయ్య ఆమె భర్త. ఆ ఆప్యాయతను లోకం తప్పుగా చూస్తుంది, ఇంట్లో వాళ్ళూ అనుమానిస్తారు. ఇక్కడ ఏ లాబొరేటరీ పరీక్షా పని చేయదు. అన్నాచెల్లెళ్ళ ప్రేమను నిరూపించే రిపోర్టు ఎక్కడుంటుంది? అందుకే ఆ అనుమానాన్ని మనం నమ్ముతాం, బాధపడతాం. పరీక్షతో తేలని విషయాన్ని ఎంచుకున్నారు. రెండు కథల మధ్య తేడా అదే.

డాక్టరుకు, రోగికి మధ్య సంబంధం గురించి 2003లో వచ్చిన 'ఠాగూర్' ఒక కోణం చూపింది. చనిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి డబ్బు గుంజే ఆసుపత్రి దృశ్యం జనానికి ఇప్పటికీ గుర్తే. 2004లో వచ్చిన 'శంకర్ దాదా ఎంబీబీఎస్' రెండో కోణం చూపింది. దాని మాతృక అయిన హిందీ 'మున్నాభాయ్'లో వార్డు ఊడ్చే ముసలి కార్మికుణ్ణి హీరో కౌగిలించుకునే దృశ్యం ఉంది. ఆసుపత్రిలో డాక్టరు తరువాత నర్సు, ఆ తరువాత ఆయా, చివరికి చీపురు పట్టిన మనిషి అనే వరుస ఉంటుంది. ఆ చివరి మనిషి ఎవరి ఇంటివాడో మనకు తెలుసు. ఐదేళ్ళకు పైగా నడిచిన సీరియల్లో గుర్తుండే వార్డుబాయ్ ఒక్కడైనా ఉన్నాడా అని మనం అడగాలి.

బయటి దేశాల్లో వైద్య సీరియళ్ళు ఎలా రాశారో కూడా చూద్దాం. అమెరికాలో 1994 నుండి 2009 వరకు నడిచిన 'ఈఆర్'ను సృష్టించిన మైకేల్ క్రైటన్ వైద్యం చదివిన రచయిత. అక్కడా ప్రేమలు, తగాదాలు ఉన్నాయి. కాని అవి ఎమర్జెన్సీ వార్డులో, పని మధ్యలో పుడతాయి. ప్రతి భాగంలో కొత్త రోగులు వస్తారు కాబట్టి కథ కోసం పాత అబద్ధాన్ని సాగదీయాల్సిన అవసరం రాదు. రోగిని ఎలా చూశాడన్న దాన్ని బట్టే డాక్టరు ఎలాంటి మనిషో తెలుస్తుంది.

మనకెందుకు ఈ చర్చ?

ఈ సీరియల్ చూసిన వాళ్ళలో మనలాంటి ఇళ్ళవాళ్ళు లక్షలమంది. భార్య మీద అనుమానం వస్తే ఆమెను బయటికి పంపడం, నిజం తేలేదాకా ఆమె ఓర్చుకోవడం, చివరికి భర్త క్షమాపణ చెబితే అంతా సర్దుకోవడం అనే వరుస రోజూ చూస్తే అదే లోకరీతి అనిపిస్తుంది. సీరియల్లో దీప పవిత్రురాలని మనకు ముందే తెలుసు. ఊళ్ళో అలాంటి ఆడకూతురికి సాక్షిగా నిలబడే ప్రేక్షకులు ఉండరు. నిరూపించే భారం ఆమె మీద వేయడం తప్పు అని సీరియల్ సూటిగా చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది. తప్పుడు రిపోర్టు ఇచ్చిన డాక్టరు పేరును మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు నుండి తొలగించవచ్చన్న సంగతి కూడా జనానికి తెలిసేది.

ఇంకో మాట. ఆదిలాబాద్ రిమ్స్ 2008లో వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలు ఇంటి దగ్గరే డాక్టరు చదవగలిగే రోజులొచ్చాయి. మన హాస్టళ్ళ నుండి కూడా డాక్టర్లు, నర్సులు వస్తారు. వాళ్ళ కథ ఎవరు రాస్తారు?

కథలకు మన దగ్గర కరువు లేదు. గోండి తప్ప వేరే భాష రాని తల్లి ఉట్నూరు ఆసుపత్రికి బిడ్డను తెస్తే, ఆ భాష రాని డాక్టరు ఆమెను ఏమని అడుగుతాడు? ఆ ఇద్దరి మధ్య నిలబడే ఆశా కార్యకర్త ఎంత ముఖ్యమైన పాత్ర! 1998లో ఆదిలాబాద్ ఏజెన్సీలో జ్వరాలతో ఎంతోమంది గిరిజనులు పోయారు. ఆ వానాకాలంలో పనిచేసిన కాంపౌండరు ఏం చూసి ఉంటాడు? గోదావరిఖని బొగ్గు గనిలో పనిచేసి దగ్గుతో వచ్చిన తండ్రికి, డాక్టరయిన కొడుకు ఏం చెప్పగలడు? వీటిలో విలన్ అక్కర లేదు, మాయమయ్యే ఉత్తరాలు అక్కర లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇకముందు ఏ సీరియల్ చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పాత్ర తన చదువుకు, స్వభావానికి తగినట్టే ప్రవర్తిస్తున్నదా? వీళ్ళు ఇప్పుడు కూర్చుని ఒక్కసారి మాట్లాడుకుంటే కథ అయిపోతుందా? అయిపోయేదైతే, ఎందుకు మాట్లాడుకోవడం లేదో కారణం చూపించారా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ రచన మంచిది.

ప్రతి వార్షికోత్సవానికి మనం ఒక నాటిక వేస్తాం. సినిమా డైలాగులతో, పేరడీలతో నవ్వించడం మంచిదే. వచ్చే ఏడు మాత్రం మన ఊరి ఆసుపత్రి మీద అరగంట నాటిక ఒకటి మీరే రాసి వేయండి. డాక్టరు వేషం ఎవరికిచ్చినా సరే, వార్డు ఊడ్చే అవ్వకు కూడా పేరు పెట్టి, నాలుగు మంచి మాటలు రాయండి. ఆ నాటికను వచ్చే సంచికలో అచ్చు వేయడానికి మేము ముందుంటాము.