పీపాలో ఊరే కాక్‌టెయిల్

కాక్‌టెయిల్‌ను పీపాలో ఊరబెట్టడమంటే, ముందుగా కలిపి సిద్ధం చేసుకున్న మద్యం మిశ్రమాన్ని ఓక్ చెక్కతో చేసిన చిన్న పీపాలో పోసి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా అలాగే ఉంచడం. విస్కీ, బ్రాందీ వంటివి ఏళ్ల తరబడి పీపాల్లో ఉండి రంగూ వాసనా తెచ్చుకుంటాయన్నది తెలిసిన సంగతే. అక్కడ పీపాలోకి వెళ్లేది ఒకే రకం మద్యం. ఇక్కడ వెళ్లేది రెండు మూడు రకాలు కలిసిన పానీయం. మూలికలు వేసిన వైన్, చేదు సారాలు, చక్కెర అందులో ఉంటాయి. చెక్క తగిలినప్పుడు, గాలి సోకినప్పుడు ఇవి ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా మారతాయి. ఇంట్లో ఈ పనికి బట్టీ అక్కర్లేదు, కాచడం అసలే లేదు. పీపా, తగిన మిశ్రమం ఉంటే చాలు. కష్టమల్లా దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో పసిగట్టడంలోనే ఉంది.

అన్ని కాక్‌టెయిళ్లూ దీనికి పనికిరావు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణం నుంచి వెలువడే పత్రిక ఒకటి, కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీళ్లు, బిటర్స్ కలిసిన పానీయమని రాసింది. వేళ్లు, బెరళ్లు, సుగంధ ద్రవ్యాలు ఘాటైన మద్యంలో నానబెట్టి తీసిన చేదు సారమే బిటర్స్. దాన్ని చుక్కల లెక్కన వాడతారు. పళ్ల రసం ఊసే లేని ఈ పాత బాణీ పానీయాలే పీపాకు బాగా నప్పుతాయి. రై విస్కీ రెండు పాళ్లు, తీపి వెర్మూత్ ఒక పాలు, పైన రెండు చుక్కల బిటర్స్ వేస్తే మాన్‌హాటన్. జిన్, కాంపారి అనే చేదు మద్యం, తీపి వెర్మూత్ సమానంగా కలిపితే నెగ్రోని. 1919 ప్రాంతంలో ఫ్లోరెన్స్ నగరంలో కామిల్లో నెగ్రోని అనే కౌంట్ కోరి చేయించుకున్నాడని దీని గురించి చెప్పుకునే కథ. అదే నెగ్రోనిలో జిన్‌కు బదులు బూర్బన్ విస్కీ పోస్తే బూలవార్డియే. వెర్మూత్ అంటే మూలికలు వేసి, కాస్త మద్యం కలిపి బలం పెంచిన వైన్.

నిమ్మరసం, పాలు, మీగడ, గుడ్డు సొన ఉన్నవి మాత్రం పీపా దరిదాపులకు రాకూడదు. నిమ్మరసం తాజాదనం గంటల్లోనే పోతుంది. పాలూ గుడ్డూ తాము పాడవడంతో ఆగవు, చెక్క రంధ్రాల్లోకి దిగి పీపానూ పాడుచేస్తాయి. డైకిరి, విస్కీ సావర్ వంటివి కలిపిన వెంటనే తాగాల్సినవే. మిశ్రమంలో ఆల్కహాల్ 20 శాతానికి తగ్గకుండా చూసుకుంటే సూక్ష్మజీవుల బెడద ఉండదు. నెగ్రోనిలో ఇది ఇంచుమించు 27 శాతం, మాన్‌హాటన్‌లో 35 దాకా ఉంటుంది.

కలిపిన కాక్‌టెయిల్‌ను నిల్వ ఉంచాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో హ్యూబ్లైన్ సంస్థ 1890లలోనే సీసాల్లో నింపిన కాక్‌టెయిళ్లు అమ్మింది. ఆ తర్వాత చాలాకాలం అది సౌకర్యం కోసం కొనే సరుకుగానే మిగిలిపోయింది. రుచి కోసం ఊరబెట్టడాన్ని మళ్లీ పట్టించుకున్నవాడు లండన్ బార్‌టెండర్ టోనీ కొనిలియారో. ఆయన మాన్‌హాటన్‌ను గాజు సీసాల్లో నెలలూ ఏళ్లూ ఉంచి, పదార్థాలు ఒకదానిలో ఒకటి ఎలా కలిసిపోతాయో గమనించాడు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ నగరంలో క్లైడ్ కామన్ బార్ నడిపిన జెఫ్రీ మార్గెన్‌తాలర్ 2009లో లండన్ వెళ్లినప్పుడు ఆ మాన్‌హాటన్ రుచి చూశాడు. గాజులోనే ఇంత మార్పు వస్తే చెక్కలో ఎలా ఉంటుందో అనుకుని, తిరిగి వెళ్లాక అంతకుముందు మదీరా వైన్ ఉన్న చిన్న పీపాలో మాన్‌హాటన్ పోశాడు. ఆ తర్వాత విస్కీ తీసేసిన పీపాల్లో నెగ్రోని పోసి అయిదు నుంచి ఏడు వారాలు ఉంచాడు. 2010లో ఆయన ఈ పద్ధతిని బయటపెట్టాక ఏడాది రెండేళ్లలోనే పలు దేశాల బార్లలో పీపాలు వెలిశాయి. ఇళ్లకూ చేరాయి.

చెక్క చేసే పని అర్థమైతే మిగతా సంగతంతా తేలిక. పీపాలకు ఎక్కువగా వాడేది అమెరికా తెల్ల ఓక్, లేదా యూరప్ ఓక్. తెల్ల ఓక్ చేవలో నీటి నాళాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి, అందుకే దాని పలకల్లోంచి ద్రవం కారదు. ఎర్ర ఓక్‌లో ఆ నాళాలు తెరిచి ఉంటాయి, అది పీపాకు పనికిరాదు. పలకలను వంచి, ఇనుప పట్టీలు బిగించాక లోపలి ముఖాన్ని నిప్పు సెగకు కాలుస్తారు. బూర్బన్ పీపాలనైతే మంట తగిలించి బొగ్గయ్యే దాకా మాడుస్తారు. ఈ కాల్పులోనే అసలు రుచులు పుడతాయి. చెక్కలోని హెమీసెల్యులోజ్ విరిగి చక్కెరలై, అవి మాడి పాకం వాసననిస్తాయి. లిగ్నిన్ విరిగితే వెనిలిన్ వస్తుంది. వెనీలా ఐస్‌క్రీమ్ వాసన దానిదే. ఓక్‌లో సహజంగా ఉండే లాక్టోన్లు పచ్చికొబ్బరిని గుర్తుచేస్తాయి. వీటితోపాటు వచ్చేది టానిన్, అంటే వగరు. కొద్దిగా ఉంటే పానీయానికి నిండుదనం, మోతాదు మించితే మామిడి జీడి కొరికినట్టే.

ఇక్కడ కాక్‌టెయిల్‌కూ విస్కీకీ ఒక తేడా ఉంది. విస్కీని సాధారణంగా 60 శాతం పైచిలుకు ఆల్కహాల్‌తో పీపాలో పోస్తారు. నెగ్రోనిలో అందులో సగం కూడా ఉండదు, మిగతాదంతా నీళ్లు, చక్కెర. లాక్టోన్లు ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి, వగరు నీళ్లలో బాగా కరుగుతుంది. కాబట్టి కాక్‌టెయిల్ చెక్కలోంచి వగరును త్వరగా లాగుతుంది. వెర్మూత్, కాంపారిల తీపి కొంతకాలం దాన్ని కప్పిపుచ్చుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా బయటపడుతుంది.

గాలి చేసే పని వేరు. పలకల గుండా, బిరడా చుట్టూ సన్నగా లోపలికి చేరే ఆక్సిజన్ వెర్మూత్‌ను మారుస్తుంది. పళ్ల వాసన తగ్గి, షెర్రీ వైన్‌లో ఉండే వేయించిన బాదం, అక్రోటు వాసనలు తొంగిచూస్తాయి. జిన్‌లోని ఘాటు మొనలు అరుగుతాయి, కాంపారి చేదు మెత్తబడుతుంది. గాజు సీసాలో చెక్క రుచి రాదు, పదార్థాలు కలిసిపోవడం మాత్రమే జరుగుతుంది. పీపాలో రెండూ కలిసి జరుగుతాయి కానీ ఒకే వేగంతో కాదు. ఇంటి పీపాతో వచ్చే చిక్కంతా అదే.

విస్కీ పరిశ్రమలో మామూలు పీపా దాదాపు 200 లీటర్లది. ఇంట్లో వాడేది ఒకటి నుంచి అయిదు లీటర్లది. పాత్ర చిన్నదయ్యేకొద్దీ లోపలి ద్రవానికి తగిలే గోడ వాటా పెరుగుతుంది. లెక్క వేస్తే, లీటరు పీపాలోని ద్రవానికి పెద్ద పీపాలో కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ చెక్క తగులుతుంది. చెక్క రుచి ఆరు రెట్ల వేగంతో దిగుతుంది గానీ, పదార్థాలు మెత్తబడడానికి పట్టే కాలం ఆ మేరకు తగ్గదు. కొత్త చిన్న పీపాలో మొదటిసారి పోసిన నెగ్రోని రెండు వారాలకే రంపపు పొట్టు రుచికి రావడానికి కారణం ఇదే. ‘చిన్న పీపాలో తొందరగా పండుతుంది’ అన్న అమ్మకందారుల మాటలో సగమే నిజం. తొందరగా దిగేది చెక్క రుచి, పండడం కాదు.

దీనికి వాతావరణం తోడవుతుంది. పీపాలోంచి ఆవిరై పోయే భాగాన్ని విస్కీ తయారీదారులు ‘దేవదూతల వాటా’ అంటారు. స్కాట్లాండ్‌లో ఇది ఏడాదికి రెండు శాతం వరకు. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ సింగిల్ మాల్ట్ పీపాల్లో పది శాతానికి పైగా పోతుంది. అంతకంటే వేడెక్కే హైదరాబాద్, విజయవాడ, రామగుండం ఎండల్లో చిన్న పీపాను వరండాలో పెడితే సంగతి ఊహించుకోవచ్చు. వేడికి ద్రవం వ్యాకోచించి చెక్కలోకి ఇంకా లోతుగా చొరబడుతుంది, రుచి మరీ వేగంగా దిగుతుంది. పొడిగాలిలో నీళ్లు ఎక్కువగా, తేమగాలిలో ఆల్కహాల్ ఎక్కువగా ఆవిరవుతాయి. తెలుగు నేలలో ఈ పనికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వెలుతురు పడని, చల్లని అల్మరా అడుగు అర మంచి చోటు.

పీపా ఎంచుకునేటప్పుడు లోపలి భాగం కాల్చి ఉందా, వార్నిష్ పూయలేదు కదా అని చూడాలి. అలంకరణ కోసం అమ్మే బొమ్మ పీపాల్లో లోపల వార్నిషో, మైనమో పూసి ఉండవచ్చు. అవి దీనికి పనికిరావు. పరిమాణం రెండు లీటర్లయితే మేలు. ఎక్సైజ్ నిబంధనల సంగతీ చూసుకోవాలి. ఇంట్లో ఎంత మద్యం ఉంచుకోవచ్చో ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పరిమితి ఉంది, అయిదు లీటర్ల పీపా నింపే ముందు అది తెలుసుకోవడం మంచిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. గుజరాత్, బీహార్‌లలో మద్యనిషేధం ఉంది. ఊరబెట్టిన దాన్ని లైసెన్సు లేకుండా అమ్మడం ఎక్కడైనా నేరమే.

కొత్త పీపా ఎండి ఉంటుంది. పలకల మధ్య కంటికి కనిపించని సందులుంటాయి. ముందు వేడినీళ్లు పోసి కడిగితే నల్లటి బొగ్గు నలుసులు బయటికొస్తాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మళ్లీ నిండా వేడినీళ్లు నింపి, కింద పళ్లెం పెట్టి వదిలేయాలి. మొదటి గంటల్లో పట్టీల కింద నుంచీ, కుళాయి మొదట్లోనూ చుక్కలు కారతాయి. కంగారుపడి జిగురు పూయకూడదు. చెక్క నీళ్లు పీల్చి ఉబ్బేకొద్దీ చుక్కల మధ్య వ్యవధి పెరిగి, ఒకటి రెండు రోజుల్లో పళ్లెం పొడిగా మిగులుతుంది. మూడో రోజుకీ కారుతుంటే ఆ ఒక్క చోట తేనెమైనం రుద్దితే సరిపోతుంది. నీళ్లు పారబోసిన వెంటనే మద్యం పోయాలి. పీపాను ఆరనిస్తే చేసిన పనంతా మొదటికొస్తుంది.

రెండు లీటర్ల పీపాకు నెగ్రోని అయితే జిన్, కాంపారి, తీపి వెర్మూత్ ఒక్కోటి 650 మిల్లీలీటర్లు. వెర్మూత్ తాజాగా మూత తీసిన సీసాలోది కావాలి. నెలల తరబడి బయట తెరిచి ఉంచినది ముందే వడలిపోయి ఉంటుంది. జిన్ మరీ ఖరీదైనది అక్కర్లేదు, పీపా దాని సున్నితమైన వాసనలను ఎలాగూ మింగేస్తుంది. గోవాలో తయారయ్యే జిన్‌లు చక్కగా సరిపోతాయి. ఐసు, నీళ్లు ఇప్పుడు కలపకూడదు. మాన్‌హాటన్ పోస్తే బిటర్స్ సగమే వేసి, మిగతాది తాగే ముందు సరిచూసుకోవడం తెలివైన పని. పీపాను గొంతు దాకా నింపి బిరడా బిగించాలి. పైన ఖాళీ ఎక్కువైతే గాలి పని మితిమీరుతుంది.

ఇక రుచి చూడడం. కొత్త పీపా అయితే మూడో రోజు నుంచే మొదలుపెట్టాలి. ప్రతిసారీ కుళాయి నుంచి చెంచాడు తీసి, మొదటి రోజు సీసాలో పక్కన పెట్టుకున్న అదే మిశ్రమంతో పోల్చాలి. పోల్చి చూసేందుకు ఆ సీసా లేకపోతే నాలుక మోసపోతుంది. మొదట రంగు కాస్త ముదురుతుంది, తర్వాత వెనీలా తెలుస్తుంది, ఆపైన చేదు మొన తగ్గుతుంది. మింగాక చిగుళ్లు బిగుసుకున్నట్టు అనిపిస్తే వగరు దిగడం మొదలైందన్నమాట. తీయాల్సింది అంతకు ఒక అడుగు ముందే. కొత్త రెండు లీటర్ల పీపాలో దీనికి వారం, పది రోజులు పట్టవచ్చు. రెండోసారికి మూడు నాలుగు వారాలు, ఆ తర్వాత ఇంకా ఎక్కువ. విస్కీ వాళ్లు సారం తగ్గిందనుకునే పీపాయే కాక్‌టెయిల్‌కు మేలైనది. చెక్క నెమ్మదించాక, గాలి తన పని చేయడానికి తీరిక దొరుకుతుంది. మార్గెన్‌తాలర్ విస్కీ తీసేసిన పీపాలతో మంచి ఫలితం రాబట్టడంలో కిటుకు ఇదే. ఇంట్లోనూ మొదటి విడతగా చవక విస్కీనో, షెర్రీ వైన్‌నో రెండు మూడు వారాలు ఉంచి తీసేస్తే చెక్క దూకుడు తగ్గుతుంది.

సరైన రుచికి వచ్చాక పీపాలో ఒక్క రోజు కూడా ఉంచకుండా మొత్తం తీసేయాలి. కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టి, గాజు సీసాల్లో గొంతు దాకా నింపి ఫ్రిజ్‌లో పెడితే నెలల పాటు నిలుస్తుంది. తాగేటప్పుడు 90 మిల్లీలీటర్లు కొలిచి, గ్లాసు నిండా ఐసు వేసి అర నిమిషం తిప్పాలి. కలవాల్సిన నీళ్లు అప్పుడు కలుస్తాయి. పైన నారింజ తొక్క పిండడం రివాజు. అనంతపురం చీనీ, నల్లగొండ బత్తాయి కూడా తీపి నారింజ జాతివే కాబట్టి వాటి తొక్కా పనికొస్తుంది. ఒక సంగతి మాత్రం మరవకూడదు. పీపా ఘాటును కప్పేస్తుంది తప్ప బలాన్ని తగ్గించదు. ఆ 90 మిల్లీలీటర్ల నెగ్రోనిలో 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు విస్కీలో ఉన్నంత ఆల్కహాల్ ఉంటుంది.

ఖాళీ అయిన పీపాను సబ్బుతో కడగకూడదు, ఆ వాసన చెక్కను వదలదు. వేడినీళ్లతో తొలిచి వెంటనే మరో విడత పోయడం అన్నిటికన్నా మంచిది. వీలుకాకపోతే వైన్ తయారీదారులు చేసినట్టు నీళ్లలో సిట్రిక్ యాసిడ్, పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపి నింపి ఉంచాలి. ఒట్టి నీళ్లు నిలవ ఉంటే బూజు, ఎండబెడితే సందులు. నెగ్రోని ఉన్న పీపాలో కాంపారి చేదు చాలాకాలం ఉండిపోతుంది కాబట్టి, తర్వాత బూలవార్డియే పోస్తే కలిసొస్తుంది, మాన్‌హాటన్ పోస్తే కాస్త తేడా కొడుతుంది. పుల్లటి వెనిగర్ వాసన వచ్చిన పీపాను మాత్రం బాగుచేయాలని చూడక్కర్లేదు, పూలకుండీగా వాడుకోవచ్చు.

పీపా దొరకనివారు, కొనడం దండగ అనుకునేవారు గాజు జాడీలో కాల్చిన ఓక్ ముక్కలు వేసి ప్రయత్నించవచ్చు. వైన్ తయారీ కోసం అమ్మే చెక్క ముక్కలు ఇందుకు వాడతారు. లీటరు మిశ్రమానికి వేలెడంత పుల్ల ఒకటి చాలు. రెండో రోజు నుంచే రుచి చూడాలి. కారే బాధ, ఆవిరయ్యే నష్టం ఇందులో లేవు. నచ్చిన క్షణాన పుల్ల తీసేస్తే చెక్క పని అక్కడితో ఆగుతుంది, జాడీలో మిశ్రమం మాత్రం అలాగే ఉండవచ్చు. పీపాలో కుదరని వీలు ఇది. బయటి గాలి లోపలికి రాదు కాబట్టి షెర్రీ ఛాయలు అంతగా రావు. వాటి కోసం జాడీని నాలుగో వంతు ఖాళీగా ఉంచి, వారానికోసారి మూత తీసి మూస్తే కొంతవరకు ఫలితం ఉంటుంది.