రెండు డిగ్రీల జ్వరము

ఎండను సెంటిగ్రేడులోను, జ్వరమును ఫారన్‌హీటులోను చెప్పుకొనుట మన ఇండ్లలో అలవాటు. చిక్కంతయు ఇక్కడనే. నీరు గడ్డకట్టు వేడిమికిని మరుగు వేడిమికిని నడుమ ఫారన్‌హీటు మానము 32 మొదలు 212 వరకు 180 భాగములు చేయగా, సెంటిగ్రేడు మానము నూరే చేసినది. కనుక సెంటిగ్రేడు డిగ్రీ 1.8 రెట్లు పెద్దది. బిడ్డ ఒంటివేడి 37 నుండి 39కి పెరిగినచో రెండే గదా అనిపించును. అలవాటైన లెక్కలో అది 98.6 నుండి 102.2కు ఎక్కినట్లు! ఉష్ణమాపకములో అంకెకంటె ముందు దాని ప్రక్కనున్నది సి అక్షరమో, ఎఫ్ అక్షరమో చూడవలెను.

సెంటిగ్రేడు మానము మొదట ఇట్లు లేదు. 1742లో స్వీడను శాస్త్రజ్ఞుడు సెల్సియస్ మరుగునీటికి సున్న, కరగు మంచుకు నూరు పెట్టెను. తరువాతివారు తలక్రిందులు చేసిరి. లేనిచో ఆ బిడ్డకు జ్వరము హెచ్చినపుడు అంకె 63 నుండి 61కి దిగెడిది.