స్టెంట్ వేయమన్నారు, ఇవాళే వేయించుకోవాలా?

"ఎనభై శాతం మూసుకుపోయిందట. అంటే నాకు మిగిలింది ఇరవై శాతమేనా?" విజయవాడ భవానీపురంలో మా వీధి చివరింటి బాబాయిగారు యాంజియోగ్రామ్ ఫైలు నా చేతిలో పెట్టి అడిగిన మొదటి మాట ఇది. ఆయన రోజూ పున్నమి ఘాట్ దాకా నడిచి వస్తారు. ఈ మధ్య మెట్లెక్కుతుంటే గుండె పట్టేసినట్టుంటోంది, నిలబడితే రెండు నిమిషాల్లో సర్దుకుంటోంది. స్టెంట్ వేయించుకొమ్మన్నారు. కొడుకు రేపే అంటాడు, అల్లుడు అసలొద్దంటాడు.

ముందు ఆ ఎనభై సంగతి. అది ప్రాణాపాయం లెక్క కాదు, రక్తనాళం ఎంత సన్నబడిందో చెప్పే కొలత. ఏలూరు కాలువలో పూడిక పేరుకుంటే మామూలు రోజుల్లో నీళ్లు సరిపోతాయి, నాట్లప్పుడు మాత్రం చివరి పొలానికి అందవు. మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి అలాంటిది. గుండెపోటు వేరు. నాళం గోడలో పేరుకున్న కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, దారి ఒక్కసారిగా మూసుకుపోవడం అది. సగం కూడా మూసుకోని నాళంలోనూ జరగవచ్చు. స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి లోహపు జాలీ గొట్టం. రెండు సందర్భాల్లోనూ వేసేది అదే అయినా ఒరిగేది ఒకటి కాదు.

గుండెపోటు వచ్చిన మనిషికి చికిత్స ప్రాణం పోస్తుంది, ఇందులో సందేహం లేదు. పాతిక ఇళ్ల అపార్టుమెంటులో ఇంటికి నలుగురు చొప్పున వంద మంది ఉన్నారనుకోండి. 17,187 మంది మీద జరిగి 1988లో వెలువడిన ఐసిస్-2 పరీక్షను ఆ లెక్కకు తెస్తే ఇలా ఉంటుంది: గుండెపోటు వచ్చి ఆస్పిరిన్ గానీ గడ్డ కరిగించే మందు గానీ అందని వంద మందిలో ఐదు వారాల్లో 13 మంది పోయారు, రెండూ అందిన వంద మందిలో 8 మంది. సమయమే ఇక్కడ అసలు మందు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటలో పడితే వెయ్యి మందిలో 65 ప్రాణాలు నిలుస్తాయి, రెండో గంటలో పడితే 37. వెంటనే స్టెంట్ వేయగలిగితే ఇంకా మేలు. 23 పరీక్షలను కలిపి 2003లో చూస్తే తొలి వారాల్లో మరణాలు ఇంజెక్షన్‌తో వందకు 9, బెలూన్ లేదా స్టెంట్‌తో 7.

మరి అవనిగడ్డలో ఉన్న మన చుట్టాల సంగతి? విజయవాడ చేరేసరికే విలువైన కాలం కరిగిపోతుంది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన కార్యక్రమం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి గుండె వైద్యుడికి పంపి, ఆయన సలహాతో టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. అప్పట్లో బయట దాని ఖరీదు దాదాపు 40 వేలుండేది. దీనికీ ముప్పు ఉంది: వంద మందిలో ఒకరికి మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈమధ్యే పక్షవాతం వచ్చినా, ఆపరేషన్ అయినా డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇప్పుడు బాబాయిగారి నొప్పి. ఇక్కడే లెక్క తిరగబడుతుంది. ఇలాంటి నిలకడైన జబ్బున్న 5,179 మందిని మన దేశంతో సహా 37 దేశాల్లో రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మందులతోపాటు స్టెంటో బైపాసో, రెండో జట్టుకు ముందుగా మందులే. ఇస్కీమియా అనే ఈ పరీక్ష ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. సుమారు మూడేళ్లలో మొదటి జట్టులో 145 మంది చనిపోయారు, రెండో జట్టులో 144 మంది.

అయితే స్టెంట్ దండగా? కాదు. వారానికోసారైనా నొప్పి పడేవాళ్లలో ఏడాది తిరిగేసరికి మొదటి జట్టులో సగం మందికి నొప్పి పూర్తిగా పోయింది, మందుల జట్టులో ఐదుగురిలో ఒకరికే. నొప్పి తగ్గి హాయిగా నడవగలగడం చిన్న లాభమేమీ కాదు. స్టెంట్ లేకపోతే ఆయుష్షు తగ్గుతుందని భయపడి ఒప్పుకోవడం మాత్రం సరికాదు. ఎడమ ప్రధాన నాళం బాగా మూసుకున్నవాళ్లను, గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్లను ఈ పరీక్షలో చేర్చలేదు, వాళ్లకు ఈ ఊరట వర్తించదు.

షుగర్ ఉండి రెండు మూడు నాళాలు మూసుకున్నవారి దారి ఇంకొకటి. అలాంటి 1,900 మందిని ఐదేళ్లు చూసిన ఫ్రీడమ్ పరీక్ష 2012లో వచ్చింది. స్టెంట్ వేసిన వందలో 16 మంది పోయారు, బైపాస్ చేసిన వందలో 11 మంది. కానీ పక్షవాతం బైపాస్ వైపే ఎక్కువ: వందకు ఐదుగురు, స్టెంట్ వైపు ఇద్దరు. ఛాతీ కోస్తారన్న భయంతోనే బైపాస్‌ను తోసిపుచ్చకండి.

"కొలెస్ట్రాల్ బిళ్లలతో షుగర్ వస్తుందటగా?" అని మందుల మీద పిన్నిగారి అనుమానం. వస్తుంది, కొందరికి. గుండెజబ్బున్న వంద మంది ఐదేళ్లు స్టాటిన్ అనే ఈ కొలెస్ట్రాల్ బిళ్ల గట్టి మోతాదులో వేసుకుంటే సుమారు పది మందికి గుండెపోటో పక్షవాతమో స్టెంటో తప్పుతుంది. కొత్తగా షుగర్ వచ్చేది ఒకరికి, లేదా అంతకన్నా తక్కువే.

డబ్బు మాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. అంతకుముందు లక్ష దాటేది. తర్వాత ఏటా టోకు ధరల సూచీని బట్టి కొంత మారింది. అది గొట్టం ధరే. కేథ్‌ల్యాబ్, గది, బెలూన్ల లెక్క వేరు. స్టెంట్ పడ్డాక నెలల తరబడి రక్తం పలచబరిచే బిళ్లలు రెండు రకాలు మానకుండా వేసుకోవాలి. మధ్యలో సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు.

బాబాయిగారు ఫైలు అట్ట మీద మూడు ప్రశ్నలు రాసుకున్నారు: ఎడమ ప్రధాన నాళం ఎలా ఉంది, పంపింగ్ ఎంత, ముందు మందులతో కొన్నాళ్లు చూడవచ్చా. వాటితో మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్తున్నారు. నాలుగో మాట పిన్నిగారితో రాయించాను: నొప్పి కూర్చున్నప్పుడు వచ్చినా, మునుపటికన్నా తరచుగా వచ్చినా, పదిహేను నిమిషాలైనా తగ్గకపోయినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్యాసేమోనని సోడా తాగి చూడకూడదు.