చక్రాల ఇల్లు మొరాయిస్తే...

చుట్టూ పచ్చటి అడవి. పక్కనే సెలయేరు. బండిలోనే కాచుకున్న కాఫీ తాగేసి 'ఇక బయల్దేరదాం' అంటూ తాళంచెవి తిప్పితే... 'టక్‌'మని ఒక్క చప్పుడు. అంతే! ఇంజిన్‌ కదలదు. లోపల లైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతుంటాయి. సెల్‌ఫోన్‌కి సిగ్నల్‌ ఉండదు. మెకానిక్‌ దొరికే ఊరు ఎక్కడో మైళ్ల దూరంలో. అమెరికాలో పాత మోటర్‌హోమ్‌తో షికారుకు వెళ్లేవాళ్లని భయపెట్టే దృశ్యమిది. అలాంటప్పుడు అందరి అనుమానమూ బ్యాటరీ మీదే. డాలర్లు పోసి కొత్తది బిగిస్తారు. మర్నాడు మళ్లీ అదే 'టక్‌'! ఎందుకంటే చాలాసార్లు అసలు దొంగ బ్యాటరీ కాదు. దాని పక్కనే ఏమీ ఎరగనట్టు నల్లగా కనిపించే ఎర్త్‌ వైరు.

ఒక బండి... రెండు బ్యాటరీలు

మంచాలు, పొయ్యి, ఫ్రిజ్‌, బాత్‌రూమ్‌... అన్నీ అమర్చిన బస్సులాంటి ఇల్లే మోటర్‌హోమ్‌. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్‌ సిటీకి చెందిన విన్నెబాగో కంపెనీ 1966లో వీటి తయారీ మొదలుపెట్టింది. 1973 - 78 మధ్య వచ్చిన జీఎంసీ మోటర్‌హోమ్‌లనైతే ఇప్పటికీ ముచ్చటపడి నడిపేవాళ్లున్నారు. అంత పాత బండిని దారికి తెచ్చుకోవాలంటే ముందు దాని కరెంటు సంగతి తెలియాలి.

ఇందులో రెండు రకాల బ్యాటరీలుంటాయి. ఒకటి ఇంజిన్‌ది. సెల్ఫ్‌ మోటారు తిరగడానికి కొద్ది క్షణాలపాటు భారీగా కరెంటు ఇవ్వడం దాని పని. రెండోది ఇంటిది. లైట్లకీ ఫ్యాన్లకీ నీళ్ల పంపుకీ గంటల తరబడి కొద్దికొద్దిగా అందిస్తుంది. ఇంజిన్‌ తిరిగేటప్పుడు రెండూ ఛార్జవుతాయి. ఆగాక ఇంటి లైట్లు ఇంజిన్‌ బ్యాటరీని తాగేయకుండా ఐసోలేటర్‌ అనే పరికరం రెంటినీ విడదీస్తుంది. అందుకే లోపల లైట్లు వెలుగుతున్నంత మాత్రాన ఇంజిన్‌ బ్యాటరీ బాగున్నట్టు కాదు!

తిరుగు దారే ముఖ్యం

బ్యాటరీ నుంచి ఎర్రవైరులో బయల్దేరిన కరెంటు పని ముగించుకుని మళ్లీ బ్యాటరీకే చేరాలి. ఆ తిరుగు దారి బండి ఇనుప ఛాసిసే. దాన్నే ఎర్త్‌ అంటాం. ఇంజిన్‌ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్నీ ఛాసిస్‌నీ కలుపుతూ ఓ మందపాటి పట్టీ ఉంటుంది. ముప్ఫై నలభై ఏళ్ల వానలకీ, మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పుకీ ఆ బోల్టులు తుప్పుపడతాయి. ఇక ఫైబర్‌గ్లాస్‌ బాడీలో కరెంటు పారదు. ఆ లైట్లకు విడిగా ఎర్త్‌ వైరు ఉండాల్సిందే.

మరి లైటు వెలిగి, సెల్ఫ్‌ ఎందుకు తిరగదు? ఇరుకు గుమ్మంలోంచి ఒక్క మనిషి హాయిగా వెళ్లిపోతాడు. జాతర జనమంతా ఒక్కసారే వస్తే? ఇదీ అంతే. తుప్పువల్ల ఓమ్‌లో నూరోవంతు నిరోధం ఏర్పడిందనుకుందాం. 2 ఆంపియర్ల బల్బుకి పోయేది 0.02 వోల్టులే. 200 ఆంపియర్లు లాగే సెల్ఫ్‌కైతే ఏకంగా 2 వోల్టులు హరీ! ఇండికేటర్‌ వేస్తే బ్రేక్‌లైటు మసగ్గా వెలగడంలాంటి వింతలూ ఎర్త్‌ పోయిందనడానికి సూచనలే.

మీటరు చెప్పే నిజం

చిన్న మల్టీమీటరుంటే దొంగ దొరికిపోతాడు. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచిన లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కన్నా తగ్గితే ముందు ఛార్జింగ్‌ పెట్టాలి. ఇంజిన్‌ తిరిగేటప్పుడు దాదాపు 14 వోల్టులు రావాలి.

బ్యాటరీ నిండుగా ఉన్నా సెల్ఫ్‌ తిరగట్లేదా? బండిని న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్‌ వేయాలి. మీటరు ఒక కొసని బ్యాటరీ నెగెటివ్‌ మొన మీద, రెండోది ఇంజిన్‌ ఇనుము మీద ఆనించి, ఇంకొకరిని తాళంచెవి తిప్పమనాలి. 0.2 వోల్టుల్లోపు చూపిస్తే ఎర్త్‌ భేషుగ్గా ఉన్నట్టు. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో అడ్డంకి ఉంది. మొన నుంచి క్లాంపుకీ, అక్కణ్నుంచి ఛాసిస్‌కీ, ఛాసిస్‌ నుంచి ఇంజిన్‌కీ ఒక్కో అంచే చూసుకుంటూపోతే ఎక్కడ అంకె పెరిగిందో అక్కడే తుప్పు. ఎర్త్‌లో తేడా లేకపోతే ఎర్రవైరునీ సెల్ఫ్‌ మోటారునీ చూపించాలి.

మరమ్మతుకి పెద్ద ఖర్చేం ఉండదు. బ్యాటరీ మొనల మీది తెల్లటి పొడిని వంటసోడా నీళ్లతో కడగాలి. బోల్టు విప్పి, ఇనుము తళతళలాడేదాకా వైరుబ్రష్‌తో రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే సరి.

జాగ్రత్త సుమా!

పని మొదలెట్టేముందు క్యాంపు కరెంటు ప్లగ్‌ పీకేయాలి. చేతికున్న ఉంగరాలూ గాజులూ తీసేయాలి. విప్పేటప్పుడు నెగెటివ్‌ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్‌ చివర. అలాగైతే పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు. ఛార్జింగ్‌లో బ్యాటరీనుంచి హైడ్రోజన్‌ వాయువు వస్తుంది. దగ్గర్లో అగ్గిపుల్ల గీయడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

ఇదంతా 12 వోల్టుల సంగతి. క్యాంపులో 120 వోల్టుల ప్లగ్‌ పెట్టినప్పుడు బండి తలుపు తాకితే జిల్లుమందంటే మాత్రం ఆ ఎర్త్‌ వేరు, ఆ ప్రమాదం వేరు. పిల్లల్ని దూరంగా ఉంచి, బండిని ముట్టుకోకుండా మెయిన్‌ బ్రేకర్‌ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

వోల్టుల లెక్క అమెరికా బండికైనా మనూరి ట్రాక్టరుకైనా ఒక్కటే. ఈసారి సెల్ఫ్‌ మొరాయిస్తే, కొత్త బ్యాటరీకి డబ్బులు తీసేముందు ఓసారి ఆ నల్లవైరు వంక చూడండి. అది బాగుపడితే ఖర్చు తప్పుతుంది. అంతకన్నా ముఖ్యంగా, చీకటిపడేలోపు పిల్లలతో అడవి దాటొచ్చు!