నిప్పుకోళ్ల దాణాలో సోయాకు ప్రత్యామ్నాయం ఉందా?

దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో వానలు తక్కువగా పడే లోయ లిటిల్ కరూ. అక్కడి ఔట్స్‌హోర్న్ పట్టణం నిప్పుకోళ్ల (ఆస్ట్రిచ్‌ల) పెంపకానికి ప్రపంచ కేంద్రం. ఈకల కోసం మొదలైన ఈ వ్యాపారం 1914లో ఫ్యాషన్ మారి, యుద్ధం రావడంతో కుప్పకూలింది. తర్వాత తోలు, మాంసంతో మళ్లీ నిలబడింది. 2011లో బర్డ్ ఫ్లూ సోకడంతో యూరప్‌కు పచ్చి మాంసం ఎగుమతులు ఆగిపోయాయి.

మార్కెట్ రైతు చేతిలో ఉండదు. కాస్తో కూస్తో చేతిలో ఉండేది దాణా ఖర్చే. దాణా పెట్టి పెంచే పద్ధతిలో మొత్తం ఖర్చులో దాదాపు నాలుగింట మూడు వంతులు దానికే పోతుంది. అందులో ఖరీదైన భాగం మాంసకృత్తులు, అంటే ప్రధానంగా సోయా చెక్క.

సోయా ధర దెబ్బ తెలుగు రాష్ట్రాల కోళ్ల రైతులకూ తెలిసిందే. 2021లో ధరలు విపరీతంగా పెరగడంతో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతించాల్సి వచ్చింది.

శాతం ఒక్కటే చాలదు

సోయా చెక్కలో 44 నుంచి 48 శాతం మాంసకృత్తులు ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, కండ పెరగడానికి కావలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది. వెస్టర్న్ కేప్ పరిశోధకులు సోయాకు బదులుగా పరీక్షించిన వాటిలో పత్తి చెక్క, తీపి రకం లూపిన్ గింజలు, కనోలా ఉన్నాయి. లూపిన్, కనోలా ఆ రాష్ట్రంలోనే గోధుమతో పంట మార్పిడిగా పండుతాయి.

ప్రతిదానికీ ఒక పరిమితి ఉంది. మన దగ్గర గేదెలకు పెట్టే పత్తి చెక్కలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది. నెమరువేసే పశువులు దాన్ని కొంతవరకు తట్టుకుంటాయి, పక్షులు అంతగా తట్టుకోలేవు. పైగా అది లైసిన్‌ను పట్టి ఉంచి, ఒంటికి అందకుండా చేస్తుంది. లూపిన్‌లో మెథియోనిన్ తక్కువ. నూనె తీయని కనోలా గింజలో శక్తి ఎక్కువ కాబట్టి పక్షి తక్కువ తింటుంది. మిగతా పోషకాలను ఆ మేరకు పెంచకపోతే ఎదుగుదల తగ్గుతుంది.

కోడి లెక్క ఇక్కడ పనికిరాదు

నిప్పుకోడి పెద్దపేగు చిన్నపేగు కంటే పొడవు. అందులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. అందుకే లూపిన్ లాంటి పీచు ఎక్కువున్న గింజల నుంచి కోడి కంటే నిప్పుకోడి ఎక్కువ శక్తి రాబట్టుకుంటుంది. కోళ్ల కోసం వేసిన పట్టికలతో దాణా కలిపితే లెక్క తప్పుతుంది.

అయితే ఈ సామర్థ్యం పుట్టుకతో రాదు, వయసుతో పాటు పెరుగుతుంది. మొదటి నెలల్లో పిల్లలకు సులభంగా అరిగే, లైసిన్ నిండుగా ఉన్న దాణా కావాలి. మరణాలు ఎక్కువగా ఉండేదీ అప్పుడే. కాబట్టి చౌక ప్రత్యామ్నాయాలకు చోటు ప్రధానంగా ఎదిగిన పక్షుల దాణాలోనే.

అసలు లెక్క

నిప్పుకోడి సాధారణంగా 10 నుంచి 14 నెలల్లో, 90 కిలోలు దాటాక కోతకు వస్తుంది. ఎదుగుదల మందగించి, రోజుకు 2 కిలోలు తినే పక్షిని మరో 30 రోజులు ఉంచాల్సి వస్తే అదనంగా 60 కిలోల దాణా కావాలి. బస్తా ధరలో మిగిలింది అక్కడే పోవచ్చు. అందుకే రైతు చూడాల్సింది బస్తా ధర కాదు, కిలో బరువు పెరగడానికి అయిన ఖర్చు.